పేరు పబ్జీది, లెక్క క్రాఫ్టన్‌ది

విజయవాడ పటమటలో సాయంత్రం ఆరు దాటాక ఏ టీ కొట్టు దగ్గరికి వెళ్లినా ఒక సీను ఖాయం. నలుగురు కుర్రాళ్లు ఆపిన బైకుల మీద కూర్చుని, ఫోన్లు అడ్డంగా పట్టుకుని ఉంటారు. టీ గ్లాసు పెట్రోల్ ట్యాంకు మీద చల్లారిపోతూ ఉంటుంది. "పోచింకి వద్దురా, అక్కడ నాలుగు స్క్వాడ్లు దిగుతున్నాయి." "నాక్ అయ్యాను మామా, స్మోక్ వేసి రివైవ్ చెయ్యి." ఏం ఆడుతున్నారని అడిగితే నలుగురిదీ ఒకటే మాట: పబ్జీ.

ఫోన్‌లో ఉన్న యాప్ పేరు మాత్రం అది కాదు. పబ్జీ మొబైల్‌ని కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబర్‌లోనే నిషేధించింది. ఇప్పుడు ఆడుతున్నది బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, పొట్టిగా బీజీఎంఐ. దాన్ని నడిపేది దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్. ఆ పేరు చెబితే "గేమ్ ఓపెన్ అయ్యేటప్పుడు వస్తుందే, అదేగా" అనేవాళ్లే ఎక్కువ.

పేర్ల దగ్గర ఉన్న ఈ గందరగోళమే క్రాఫ్టన్‌కి ఉన్న మంచిపేరులోనూ చెడ్డపేరులోనూ కనిపిస్తుంది. దాన్ని పొగిడేవాళ్లు పొగిడే వాటిలో చాలావరకు అది స్వయంగా చేసినవి కావు. తిట్టేవాళ్లు తిట్టే వాటిలోనూ సగం దాని చేతిలో ఉన్నవి కావు. పూర్తిగా ఆ కంపెనీ సొంత నిర్ణయంతో జరిగిన పనులు కొన్ని ఉన్నాయి. వాటి ఊసు మాత్రం బెజవాడలో ఎక్కడా వినపడదు.

మొదటి పొగడ్త ఆట ఆలోచనకి దక్కుతుంది. వంద మంది ఒక దీవిలోకి పారాచూట్లతో దిగడం, దొరికిన తుపాకీతో పోరాడటం, చుట్టూ కుంచించుకుపోయే జోన్‌లో చివరిదాకా మిగలడం. దీనికి ఈ రూపం తెచ్చింది బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లాండ్ దేశస్థుడు. ఆర్మా 2 అనే సైనిక ఆటకి సొంతంగా మార్పులు చేస్తూ మొదలుపెట్టాడు. ప్లేయర్‌అన్‌నోన్ అన్నది అతను ఆన్‌లైన్‌లో పెట్టుకున్న పేరు. పబ్జీలో మొదటి రెండు అక్షరాలు అక్కడివే. 2007లో మొదలైన బ్లూహోల్ అనే కొరియన్ స్టూడియో అతన్ని పిలిపించింది. కిమ్ చాంగ్-హాన్ అనే ప్రొడ్యూసర్ ఆటని పట్టాలెక్కించాడు. 2017 మార్చి 23న కంప్యూటర్ల మీద ముందస్తు వెర్షన్ వచ్చింది. 2018 జనవరిలో కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒకే సమయంలో 32.5 లక్షల మంది ఆడారు. ఎరంగెల్ మ్యాపు పేరు గ్రీన్ కూతురు ఎరిన్ పేరు మీదుగా పెట్టింది. ఆ మ్యాపులోనే ఉన్న పోచింకిలో రోజూ చచ్చి బతికే మన కుర్రాళ్లకి ఈ సంగతి తెలిస్తే బాగుండు.

బ్లూహోల్ 2018 చివర్లో క్రాఫ్టన్ గొడుగు కిందకి వచ్చింది. గ్రీన్ 2021లో బయటికి వెళ్లి సొంత స్టూడియో పెట్టుకున్నాడు. కిమ్ చాంగ్-హాన్ క్రాఫ్టన్ సీఈఓ అయ్యాడు. ఆలోచన తెచ్చిన మనిషి వెళ్లిపోయాడు, ఆటని తయారు చేయించిన మనిషి కంపెనీకి పెద్ద అయ్యాడు. ఆ కంపెనీ తర్వాత వేసిన అడుగుల్లో ఈ తేడా కనపడుతూనే ఉంటుంది.

రెండో పొగడ్త మన ఊళ్లలో ఎక్కువగా వినిపించేది. "పది వేల ఫోన్‌లో కూడా ఆడింది కదా" అని. నిజమే. 2018 మార్చిలో ప్రపంచమంతా విడుదలైన పబ్జీ మొబైల్ మామూలు రెడ్‌మీ ఫోన్‌లో కూడా నడిచింది. అప్పటికి జియో వచ్చి ఏడాదిన్నర అయింది, డేటా నీళ్లలా దొరుకుతోంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఆడే అలవాటే లేని లక్షల మందికి జీవితంలో మొదటి పెద్ద వీడియో గేమ్ ఇదే. కానీ ఆ మొబైల్ వెర్షన్‌ని కష్టపడి కుదించి కట్టింది క్రాఫ్టన్ ఇంజనీర్లు కాదు, చైనా కంపెనీ టెన్సెంట్‌కి చెందిన లైట్‌స్పీడ్ అండ్ క్వాంటమ్ స్టూడియో. మే నెలలో బెజవాడ ఎండకి ఫోన్ పెనంలా కాలుతుంటే, బొటనవేళ్లకి పౌడర్ రాసుకుని, ఫోన్ వెనక చిన్న ఫ్యాన్ బిగించుకుని ఆడేవాళ్లు "ఫ్రేమ్స్ డ్రాప్ అవుతున్నాయి" అని తిట్టేది క్రాఫ్టన్‌ని. వేడెక్కినప్పుడు ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, అందులో ఆట కట్టినవాళ్లు చేయగలిగింది కొంతే. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచిన ఘనతా క్రాఫ్టన్‌ది కాదు, ఎండలో ఆగిపోయిన తప్పూ పూర్తిగా దానిది కాదు.

ఆ టెన్సెంట్ బంధమే తర్వాత మెడకి చుట్టుకుంది. గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లని నిషేధించినప్పుడు అందులో పబ్జీ మొబైల్ ఉంది. ఆట పుట్టింది కొరియాలోనే అయినా ఇక్కడ దాన్ని నడుపుతున్నది టెన్సెంట్. కొన్ని రోజుల్లోనే కొరియా వాళ్లు భారత్ వరకు టెన్సెంట్ నుంచి హక్కులు వెనక్కి తీసుకున్నామని ప్రకటించారు. అయినా అక్టోబర్ 30న సర్వర్లు ఆగిపోయాయి. నవంబర్‌లో డేటా దాచడానికి మైక్రోసాఫ్ట్ అజూర్‌తో ఒప్పందం, భారత్‌లో 10 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్న ప్రకటనలు వచ్చాయి. 2021 జూలై 2న బీజీఎంఐ పేరుతో ఆట తిరిగొచ్చింది. అది పూర్తిస్థాయిలో రాకముందే కొంత డేటా చైనా సర్వర్లకి వెళ్తోందని వార్తలు రావడం, కంపెనీ హడావిడిగా అప్‌డేట్ ఇవ్వడం కూడా అయిపోయాయి. క్రాఫ్టన్‌లో టెన్సెంట్‌కి పదో వంతుకు పైగా వాటా ఉందన్నది దాచిన సంగతేమీ కాదు. కాబట్టి "చైనాదా, కొరియాదా" అన్న ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు దొరకదు.

2022 జూలై 28న బీజీఎంఐ కూడా ప్లేస్టోర్ నుంచి మాయమైంది. అప్పటికే ఫోన్‌లో ఉన్నవాళ్లకి ఆట నడిచింది, కొత్తగా దింపుకోవడమే కుదరలేదు. 10 కోట్ల మంది ఆటగాళ్లు చేరారని కంపెనీ చెప్పుకున్న నెలలోనే ఈ దెబ్బ తగిలింది. మళ్లీ అనుమతి వచ్చేసరికి 2023 మే అయింది. అదీ మూడు నెలల ట్రయల్ కిందే. సర్వర్లు ఎక్కడున్నాయి, డేటా ఎలా వాడుతున్నారు, ఆటకి బానిసలవుతున్నారా అన్నవి గమనిస్తామని ప్రభుత్వం చెప్పింది.

క్రాఫ్టన్ ప్రవర్తన అన్నిటికన్నా బాగున్నది ఈ పది నెలల్లోనే అనిపిస్తుంది. ఆట అమ్ముకోలేని దేశంలో ఆఫీసు మూయలేదు, పెట్టుబడులు ఆపలేదు, గోల చేయలేదు. ఈ-స్పోర్ట్స్, అంటే వీడియో గేమ్ పోటీలు నడిపే నాడ్విన్ అనే కంపెనీలో అంతకుముందే 164 కోట్ల రూపాయలు పెట్టింది. తర్వాత భారతీయ స్టూడియోల కోసం శిక్షణ కార్యక్రమం పెట్టింది, రియల్ క్రికెట్ ఆట తయారుచేసే నాటిలస్ మొబైల్‌ని సొంతం చేసుకుంది. ఇంత పెద్ద మార్కెట్‌ని ఎవరు వదులుకుంటారు అని పెదవి విరవచ్చు. విరిచినా సరే, వదిలేసి పోయిన కంపెనీలు చాలానే ఉన్నాయి.

ఇక అమ్మానాన్నల వైపు. ఇక్కడ చర్చ మొదలయ్యేది "పిల్లాడు పాడైపోతున్నాడు" దగ్గర. 2019 జనవరిలో పరీక్షల మీద జరిగిన కార్యక్రమంలో ఒక తల్లి కొడుకు ఆన్‌లైన్ ఆటల గురించి బాధపడుతుంటే, ప్రధాని మోదీ పబ్జీ ఆడే బాపతేనా అని అడిగారు, హాలంతా నవ్వింది. అప్పటికే అది ఇంటింటి పేరు. ఆ తర్వాత రెండు నెలలకి గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో పోలీసులు ఆట నిషేధించి, ఆడుతున్న కుర్రాళ్లని పట్టుకున్నారు కూడా. విజయవాడ, గుంటూరుల్లో ఈ భయం ఇంకో మెట్టు ఎక్కువ. ఇవి ఇంటర్ హాస్టళ్ల ఊళ్లు. వారమంతా ఫోన్ ముట్టుకోనివ్వని చోట చదివే పిల్లాడు అవుటింగ్ రోజు ఇంటికొచ్చి అయిదు గంటలు ఆట వదలకపోతే, చూసేవాళ్లకి అది వ్యసనంలానే కనిపిస్తుంది. ఆరు రోజులు గొంతు నొక్కిపెట్టిన సరదా ఒక్క పూటలో తీర్చుకోవడం అని ఎవరూ అనుకోరు. ఆ లెక్కలో ఎంత ఆటది, ఎంత హాస్టల్‌ది అన్నది తేల్చకుండా అంతా ఆట ఖాతాలోనే రాసేస్తారు.

కంపెనీ కట్టిన కంచెలు కూడా ఉన్నాయి, అవి ఎంత గట్టివో చూడాలి. 2023లో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు మూడు గంటలు, పెద్దలకి ఆరు గంటలు అన్న పరిమితి పెట్టారు. చిన్నవాళ్లు చేరాలంటే తల్లి లేదా తండ్రి నంబరుకి ఓటీపీ వెళ్తుంది. కాగితం మీద బాగుంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక మామూలు ఇంటిని ఊహించుకుంటే, ఆ ఓటీపీ వచ్చేది అమ్మ ఫోన్‌కి, ఆ ఫోన్ ఉండేది పిల్లాడి చేతిలో. మెసేజ్ వస్తుంది, వాడే చూస్తాడు, వాడే కొడతాడు, వాడే డిలీట్ చేస్తాడు. అమ్మ వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ ఉంటుంది. పిల్లాడు వయసు ఎంతని రాశాడో కనుక్కునే మార్గం కంపెనీకీ లేదు, ఇంట్లోవాళ్లకీ లేదు.

ఇంకో కంచె మరీ విచిత్రం. 2021లో మైనర్ల ఖర్చుకి పెట్టిన గరిష్ఠ పరిమితి రోజుకు 7,000 రూపాయలు. నెలకి కాదు, రోజుకి. దాన్ని నిర్ణయించిన గదిలో ఏ ఊరి తండ్రి జీతం మనసులో పెట్టుకుని కూర్చున్నారో గానీ, మన ఊరి తండ్రిదైతే కాదు.

ఆ ఖర్చు ఎక్కడ అవుతుందన్నదే అసలు సంగతి. ఆట ఉచితం. డబ్బు పెట్టి యూసీ అనే ఆట నాణేలు కొనుక్కోవాలి, వాటితో డబ్బాలు తెరవాలి. ఆడేవాళ్ల భాషలో క్రేట్లు. లోపల తుపాకీకి రంగుల తొడుగు రావచ్చు, రాకపోవచ్చు. మంచుగడ్డలా మెరిసే ఎం416 గ్లేసియర్ కోసం పొదుపు డబ్బులు పోసినవాళ్లు ప్రతి కాలేజీలో ఒకరిద్దరైనా దొరుకుతారు. ఇక్కడ మనిషి మెదడు చేసే పొరపాటు ఒకటుంది. ఒక వస్తువు వచ్చే అవకాశం నూటికి ఒకటి అని రాసి ఉందనుకుందాం. వంద డబ్బాలు తెరిస్తే ఖాయంగా వస్తుందని అనిపిస్తుంది. లెక్క అలా కాదు. వంద తెరిచినా వచ్చే అవకాశం 63 శాతమే. వందేసి డబ్బాలు తెరిచిన ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా ఉత్త చేతులతోనే లేస్తారు. రెండు వందలు తెరిచినా నూటికి 13 మందికి రాదు. ప్రతి డబ్బా కొత్తదే, పాత డబ్బాల కష్టం దానికి గుర్తుండదు. తొంభై తెరిచినవాడికి మాత్రం అవన్నీ గుర్తుంటాయి, ఇక ఆపలేడు. కొన్ని సార్లు తెరిచాక గ్యారంటీగా ఇస్తామనే డబ్బాలూ ఉన్నాయి. అవి ఆ బాధని తగ్గిస్తాయి, ఆ గ్యారంటీ చేరేదాకా ఖర్చుపెట్టే ఊపునీ ఇస్తాయి.

ఇందులో కంపెనీ తరఫున చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ తొడుగులతో ఆటలో బలం పెద్దగా పెరగదు. పైసా పెట్టని కుర్రాడు, వేలు పోసినవాడిని మామూలు తుపాకీతో కొట్టగలడు. డబ్బున్నవాడిదే గెలుపు అన్న మాట దీనికి అతకదు. అదే దీని బలం, ఆడేవాళ్లు ఏళ్ల తరబడి అతుక్కుపోవడానికి కారణం. కొత్తవాళ్లకి మొదటి మ్యాచుల్లోనే చికెన్ డిన్నర్, అంటే గెలుపు, దొరకడానికి కారణం మాత్రం వేరు. ఎదురుగా ఉన్న వందలో చాలామంది మనుషులు కాదు, కంప్యూటర్ నడిపే బాట్లు.

బయటివాళ్లు ఈ తేడాలేవీ చూడరు. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు, పబ్జీ అన్నీ ఒకే సంచిలో వేస్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబర్‌లో రమ్మీ, పోకర్‌లాంటివి నిషేధించింది. అదే నెలలో కేంద్రం పబ్జీని ఆపింది. కారణాలు వేరు, చట్టాలు వేరు, కానీ రెండు వార్తలూ ఒకే నెలలో రావడంతో జనం బుర్రలో కలిసిపోయాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ గీతని గట్టిగా గీసింది. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలకి పూర్తిగా అడ్డుకట్ట, ఈ-స్పోర్ట్స్‌కి గుర్తింపు. బీజీఎంఐ గీతకి ఇవతల నిలిచింది, ఎందుకంటే క్రేట్‌లో పోసిన డబ్బు మళ్లీ డబ్బుగా చేతికి రాదు. చట్టం దృష్టిలో అది జూదం కాకపోవడానికి కారణం ఇదే. పిల్లాడి జేబు దృష్టిలో చూస్తే, రమ్మీలో కనీసం తిరిగొచ్చే ఆశైనా ఉండేది.

ఈ-స్పోర్ట్స్ దగ్గర మంచిపేరుకి గట్టి పునాదే ఉంది. 2022లో బీజీఎంఐ టోర్నీ ఒకటి స్టార్ స్పోర్ట్స్‌లో ప్రసారమైంది. 2024 జూన్ చివర్లో హైదరాబాద్ హైటెక్స్‌లో 2 కోట్ల రూపాయల ప్రైజ్‌మనీతో జరిగిన ఫైనల్స్‌లో టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. బెజవాడలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్లో, స్టేడియం క్రికెట్‌లా అరుపులు. అయితే ఈ ఊపుని 2018 నుంచి మోసింది యూట్యూబ్‌లో ఆడి చూపించిన కుర్రాళ్లు. నిషేధాల మధ్య ఉద్యోగం లాంటిది పోగొట్టుకుని, తిరిగి మొదలుపెట్టిందీ వాళ్లే. కంపెనీ వేదిక వేసింది, జనాన్ని వాళ్లు తెచ్చారు. గోడ అవతలి మనిషి కూడా కనిపించే హ్యాక్‌లతో ఆడి ఆ జనాన్ని విసిగించేవాళ్లూ ఉన్నారు. క్రాఫ్టన్ ఎన్ని ఖాతాలు మూసిందో లెక్కలు ప్రకటిస్తూనే ఉంటుంది, హ్యాకర్లు కొత్త ఖాతాలతో వస్తూనే ఉంటారు.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఎవరో ఒకరి చెయ్యి కలిసే ఉంది. ఎవరి మీదికీ నెట్టడానికి వీల్లేని పని ఒకటుంది. 2021 అక్టోబర్‌లో క్రాఫ్టన్ అమెరికాలోని అన్‌నోన్ వరల్డ్స్ స్టూడియోని కొన్నది. సముద్రం అడుగున బతికే సబ్‌నాటికా ఆట తయారుచేసింది వాళ్లే. ముందుగా 50 కోట్ల డాలర్లు, తర్వాత అమ్మకాలు అనుకున్న స్థాయికి చేరితే మరో 25 కోట్ల డాలర్ల వరకు బోనస్. 2025 జూలైలో, సబ్‌నాటికా 2 ముందస్తు విడుదల దగ్గర పడుతుండగా, స్టూడియోని నడిపే ముగ్గురినీ తీసేశారు. విడుదల 2026కి వాయిదా పడింది. ఒప్పందం ప్రకారం బోనస్ లెక్క 2025తో ముగిసేది.

బీసెంట్ రోడ్డులో నడుస్తున్న బట్టల షాపుని ఎవరో కొన్నారనుకోండి. "నడపండి, ఈ సంక్రాంతికి అమ్మకం ఇంత దాటితే ఇంకో పాతిక లక్షలు ఇస్తాను" అని పాత యజమానులతో రాసుకున్నారు. తీరా ధనుర్మాసం మొదలయ్యాక వాళ్లని బయటికి పంపి, "షాపు ఉగాదికి తెరుస్తాం" అన్నారు. బయటికెళ్లినవాళ్లకి ఏమనిపిస్తుందో వాళ్లకీ అదే అనిపించింది, అమెరికాలోని డెలావేర్ చాన్సరీ కోర్టుకి వెళ్లారు. క్రాఫ్టన్ వాదన వేరు. ఆట సిద్ధంగా లేదని, నాయకులు బాధ్యతలు వదిలేశారని, ఒకరైతే సినిమా పనిలో మునిగిపోయారని చెప్పింది. బోనస్‌లో దాదాపు 90 శాతం ఆ ముగ్గురికే వెళ్లేదని కూడా బయటపెట్టింది. ఆ మాట అభిమానుల్లో కొందరిని ఆలోచింపజేసింది, చాలామందికి మాత్రం ఇంకా కోపం తెప్పించింది. బోనస్ తప్పించుకునే దారి కోసం సీఈఓ చాట్‌జీపీటీని సలహా అడిగారన్న ఆరోపణ అవతలి పక్షం కోర్టు పత్రాల్లో కనపడ్డాక నవ్వులాట మొదలైంది.

అదే కంపెనీ ఏడాది ముందు ఇంకోలా ప్రవర్తించింది. 2024 మేలో మైక్రోసాఫ్ట్ మూసేస్తున్నానన్న జపాన్ స్టూడియో టాంగో గేమ్‌వర్క్స్‌ని ఆగస్టులో చేరదీసింది, వాళ్ల హై-ఫై రష్ ఆట హక్కులతో సహా. అప్పుడు క్రాఫ్టన్‌ని దేవుడన్నవాళ్లే ఇప్పుడు దెయ్యమంటున్నారు. రెండు పనులూ ఒకే అవసరంలోంచి వచ్చాయన్నది వాళ్లు గమనించలేదు. ఆదాయం ఇంకా పబ్జీ మీదే ఆధారపడి ఉంది. 2021 ఆగస్టులో షేర్‌ని 4,98,000 వాన్‌లకి మార్కెట్లోకి తెస్తే మొదటి రోజే పడిపోయింది. ఒక్క ఆట కంపెనీ అన్న భయం మదుపరులకి అప్పుడే ఉంది. రెండో పెద్ద ఆట కావాలి. దొరకని చోట కొంటారు, కొన్నచోట పట్టు బిగిస్తారు. 2022 డిసెంబర్‌లో వచ్చిన క్రాఫ్టన్ ఆట ది కాలిస్టో ప్రోటోకాల్ అంచనాలకి అందలేదు. ఆ ఆట చేసిన స్టూడియోకి ఆపైన అధిపతి అయిన స్టీవ్ పాపూట్సిస్‌నే తర్వాత సబ్‌నాటికా స్టూడియోకి పెద్దగా కూర్చోబెట్టారు. అంచనాలకి అందని ఆట చేసిన స్టూడియో మనిషికే ఇదెందుకిచ్చారని అభిమానులు అడిగిన ప్రశ్న మాత్రం పూర్తిగా న్యాయమైనదే.

ఈ గొడవని పటమట టీ కొట్టు దగ్గర ఎవరూ పట్టించుకోకపోవడంలో వింతేమీ లేదు. సబ్‌నాటికా అక్కడివాళ్లు ఆడే ఆట కాదు. అయితే దీన్ని పట్టించుకోవాల్సిన ఒక గుంపు ఇక్కడే ఉంది. గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో సీఎస్‌ఈ చదువుతూ, రాత్రిళ్లు అన్‌రియల్ ఇంజిన్, బ్లెండర్ లాంటి ఆటల తయారీ సాఫ్ట్‌వేర్లు నేర్చుకుంటూ, గేమింగ్‌లో ఉద్యోగం కావాలనుకునేవాళ్లు. పబ్జీ ఆడుతూ పెరిగినవాళ్లే. వాళ్లకి క్రాఫ్టన్ లోడింగ్ స్క్రీన్ మీది పేరు కాదు, జీతం ఇవ్వగల పేరు. 2025 అక్టోబర్‌లో ఆ కంపెనీ ఇకపై ఏఐకే మొదటి స్థానం అని ప్రకటించింది. నవంబర్‌లో కొరియాలో స్వచ్ఛంద రాజీనామా పథకం పెట్టింది. సొంత కొత్త ఆటలకి, ఏఐకి తప్ప మిగతా నియామకాలు ఆపేస్తున్నామంది. బ్రాడీపేట రూములో అర్ధరాత్రి దాకా తుపాకీ మోడల్‌కి రంగులద్దే కుర్రాడు నేర్చుకుంటున్నది సరిగ్గా ఆ మిగతా పనే.